ఇంటి భాష తెలియకుండా మదింపు సాధ్యమా?

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, తరగతిలో హిందీ లేదా ఇంగ్లీషు. వీరిలో ఒకరు చదువులో వెనుకబడినప్పుడు అందుకు కారణం అభ్యసన వైకల్యమా, కొత్త భాషా అన్నది తేల్చడం అంత సులభం కాదు.

తెలుగులో రైలైనా, అమ్మైనా ‘వచ్చింది’ అంటే చాలు. హిందీలో ఇంజను ‘ఆయా’, గాడీ మాత్రం ‘ఆయీ’. తెలుగింటి పిల్లవాడు ‘గాడీ ఆయా’ అన్నా, ‘భ’ను ‘బ’గా పలికినా అది మాతృభాష ప్రభావమే గాని వైకల్య లక్షణం కాదు. అయితే అదే పిల్లవాడు అమ్మమ్మ చెప్పిన కథను తెలుగులోనూ వరుసగా తిరిగి చెప్పలేకపోతే, ఎన్నాళ్లు నేర్పినా అక్షరానికీ ధ్వనికీ పొంతన కుదరకపోతే శ్రద్ధ వహించాల్సిందే. ‘హిందీ రాక, అంతే’ అని సరిపెట్టుకుంటే విలువైన ఏళ్లు గడిచిపోతాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. దాన్ని వీలైనంత త్వరగా కనిపెట్టాలని చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థలను ఆదేశిస్తోంది. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ‘ప్రశస్త్’ ప్రశ్నావళిని మొదట తరగతి ఉపాధ్యాయులు, అవసరమైతే తరువాత ప్రత్యేక ఉపాధ్యాయులు పూర్తిచేస్తారు. ఇది ప్రాథమిక పరిశీలన మాత్రమే, వ్యాధి నిర్ధారణ కాదు. 2018లో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గాని, ఎనిమిదేళ్ల వయసులో గాని, ఏది ముందైతే అప్పుడు ఈ పరిశీలన జరగాలి. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. అంతకుముందు చూపు, వినికిడి పరీక్షలు తప్పనిసరి. కళ్లజోడుతో తీరే ఇబ్బందికి పిల్లవాడి తెలివిని శంకించడం అన్యాయం కదా!

అసలు చిక్కు పరీక్ష సాధనాలతోనే. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన ‘డాలి’ 2015లో తొలుత హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లోనే వెలువడింది. తెలుగు పిల్లలను హిందీ సాధనంతో కొలిస్తే బయటపడేది హిందీ పరిచయమే కావచ్చు.

ఈ పొరపాటుకు మూల్యం చిన్నది కాదు. పరీక్షల్లో అదనపు సమయం, రాయడానికి సహాయకులతోపాటు ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపునకు కూడా చట్టం వీలు కల్పిస్తోంది. నిజంగా అవసరమైన వారికి ఇది ఊరట. పొరపాటున వైకల్యముద్ర పడిన పిల్లవాడికి మాత్రం ఊరి భాష నేర్చుకునే దారే మూసుకుపోవచ్చు. అందుచేత మదింపునకు వెళ్లే తల్లిదండ్రులు ఇంట్లో మాట్లాడే భాష ఏదో ముందుగానే తెలపాలి. తెలుగు తెలిసినవారి సమక్షంలో పిల్లవాడిని మాట్లాడించమని కోరాలి. చదవడంలో, రాయడంలో బడి అందించే తోడ్పాటు మాత్రం ధ్రువపత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు.