రుద్దే ముందు నీళ్ళు

చలికాలం ముగిసేసరికి మన పిస్కాటవేలో కార్లన్నీ రోడ్డు మీది ఉప్పుతో తెల్లబడిపోతాయి కదండీ! నా మొదటి కారుని గిన్నెలు తోమే సబ్బుతో, పాత తువ్వాలుతో రుద్ది రుద్ది కడిగాను. ఎండలో చూస్తే హుడ్ నిండా సాలెగూడులాంటి గీతలు!

రంగు మీద ఉండే క్లియర్ కోట్ చాలా పల్చని పొర. దాన్ని గీసేది గుడ్డలో చిక్కుకున్న ఇసుకే. అందుకే ముందు గొట్టంతో పైనుంచి కిందికి, చక్రాల లోపల, కారు అడుగున కూడా నీళ్ళు కొట్టండి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకటి కార్ షాంపూకి, రెండోది గుడ్డ జాడించడానికి. గిన్నెల సబ్బు వాక్సుని ఊడదీస్తుంది, వద్దు. నీడలో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. నల్ల ప్లాస్టిక్ అంచులకి వాక్సు తగిలితే తెల్లమచ్చలు పడతాయి, జాగ్రత్త.

రుద్దే ముందు నీళ్ళు. ఇదొక్కటి గుర్తుంటే చాలు. సెలవు.