‘నడుము నొప్పి’ అని రాస్తే చాలదు

కూర్చుంటే నొప్పి, లేవబోతే మరీ నొప్పి, నడిచినా పడుకున్నా కాస్త నయం. వెన్ను చిట్టచివరి ముడ్డిపూసకు బాధ కలిగితే వరస ఇలా ఉంటుంది. జమ్మలమడుగు వైపు గుంట మగ్గాల మీద గంటల తరబడి కూర్చునే నేతగాళ్లకు, బైకు మీంచి జారి కూలబడినవాళ్లకు, కాన్పు కష్టమైన బాలింతలకు ఇది రావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు ఐదు రెట్లు ఎక్కువ. చోటు చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది ‘నడుము నొప్పి’ అంటారు. డాక్టరు రాసే ఓపీ చీటీలోనూ ఆ మాటే పడితే అసలు జబ్బు అక్కడే మరుగున పడిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-10 పట్టికలో ముడ్డిపూస నొప్పికి ఎం53.3 అనే కోడ్ ఉంది. ఆ పూస విరిగితే ఎస్32.2. అదే చోట చర్మం కింద వెంట్రుకలు చేరి చీము పట్టే పైలోనిడల్ సైనస్‌కు ఎల్05. మామూలు నడుము నొప్పికి ఎం54.5. అన్నీ జానెడు చోటులోని బాధలే అయినా వైద్యం వేరు. మొదటిదానికి ఎక్కువగా మెత్త దిండు, మందులు, అవసరమైతే ఇంజెక్షన్ సరిపోతాయి. చీము పట్టినదాన్ని సర్జన్ చూడాలి. రోగి రికార్డు చూసి కోడ్ వేసేవాళ్లు ఊహించి వేయకూడదు, డాక్టరు రాసినదాన్నే అనుసరించాలి. హైదరాబాదులో వేలమంది మన పిల్లలు అమెరికా రోగుల రికార్డులకు ఈ పని రోజూ చేస్తున్నారు. అదే శ్రద్ధ మన ఓపీ చీటీకి ఎందుకు దక్కకూడదు?

ఓపీ రద్దీలో ఇంత రాసే తీరిక ఎక్కడిదని డాక్టర్లు అడుగుతారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ బ్రహ్మంగారిమఠం నుంచి మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరుకో, కడప రిమ్స్‌కో వెళ్లే రోగి వెంట వెళ్లేది ఆ చీటీ ఒక్కటే. ‘పడ్డాక మూడు వారాలుగా ముడ్డిపూస నొప్పి, నొక్కితే బాధ, ఎక్స్‌రేలో పూస విరిగిన జాడ లేదు’ అన్న ఒక్క వాక్యం అవతలి డాక్టరుకు మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే పని తప్పిస్తుంది. జబ్బు తేలకముందే కచ్చితంగా రాయమంటే తప్పు రాసినట్టవదా అన్నది ఇంకో సందేహం. అవుతుంది. అందుకే తేలనప్పుడు అనుమానాన్ని జబ్బుగా రాయకూడదు, లక్షణాన్నే రాయాలి. కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలు పోల్చితే పూస కదలికలో తేడా బయటపడవచ్చు. అప్పుడు రాతను సరిచేయవచ్చు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు తగ్గని నొప్పి ఉంటే అవి తప్పక చీటీకెక్కాలి. క్షయ, కణితి వంటివాటిని వెతకాల్సింది అప్పుడే.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా నొప్పి ఉన్న చోటును వేలితో చూపించండి. ఎప్పటినుంచో, పడ్డారో లేదో చెప్పండి. ఆ మాటలు చీటీలో రాయమని అడగండి, చీటీని దాచుకోండి.