రోడ్డు మీద రేసు వద్దు.. ట్రాక్ మీదైనా పద్ధతి తప్పొద్దు

షబే బరాత్ లాంటి జాగ్నే కీ రాత్ వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలా ఫ్లైఓవర్లను పోలీసులు మూసేస్తారు. ఇబాదత్‌లో గడపాల్సిన రాత్రి కొందరు కుర్రాళ్లు బైక్ రేసులకు దిగుతారన్న భయమే దీనికి ఒక కారణం. ఆ వేగం ఎంత ఖరీదైందో నగరానికి తెలుసు. 2011 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద జరిగిన బైక్ ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, 19 ఏళ్ల అయాజుద్దీన్ చనిపోయాడు. వెనుక కూర్చున్న దగ్గరి బంధువు కూడా ప్రాణాలు కోల్పోయాడు.

మరి పెద్ద బైక్ ఉన్న కొడుకు "అమ్మీ, రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద నడుపుతా" అంటే ఏం చెప్పాలి? అవునో కాదో అనే ముందు ట్రాక్ డే అంటే ఏంటో తెలుసుకోవాలి.

పోటీ కాదు, సాధన

ట్రాక్ డేలో గెలుపు, ఓటమి ఉండవు. ఫీజు కట్టి, సొంత బైక్‌ను సర్క్యూట్ మీద నడిపి నేర్చుకునే రోజది. దక్షిణాదిలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే పేరున్న ట్రాకులు. ఉత్తరాదిలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఉంది.

ఇక్కడ ఎదురుగా లారీ రాదు. కుక్క అడ్డం పడదు. డివైడర్ ఉండదు. జెండాలతో మార్షల్స్ ఉంటారు. అలాగని ప్రమాదమే లేదనుకోవద్దు. 2023 ఆగస్టులో మద్రాస్ సర్క్యూట్‌లోనే 13 ఏళ్ల బెంగళూరు బాలుడు చనిపోయాడు. అది ట్రాక్ డే కాదు, రేసు. అయినా పాఠం ఒకటే: ట్రాక్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. మిగతాది నడిపేవాడి ప్రవర్తన మీద ఉంటుంది.

"నన్నే దాటేశాడా?"

ట్రాక్ మీద బైక్ కంటే పెద్ద శత్రువు ఈ మాటే. తన స్థాయి మర్చిపోయి ఎదుటివాడి వెనకాల పడినప్పుడే చాలామంది పడిపోతారు. అందుకే కొత్తవాళ్లు, కొంత అనుభవం ఉన్నవాళ్లు, వేగంగా నడిపేవాళ్లు అని గ్రూపులుగా విడదీస్తారు. స్నేహితుల ముందు పరువు కోసం పై గ్రూపులో పేరు రాయించుకోవడం తనకే కాదు, పక్కవాడికీ ముప్పు.

దాటే బాధ్యత వెనుక వచ్చేవాడిదే. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా, దారి ఇద్దామని ఒక్కసారిగా పక్కకు జరగకుండా తన లైన్‌లో తాను పోవాలి. ట్రాక్ మీద చాలాసార్లు అద్దాలు తీసేస్తారు లేదా టేపు అంటిస్తారు. కాబట్టి ముందువాడికి వెనుకున్నవాడు కనిపించడు. మలుపులో ఇరికించి దాటొద్దు. నేరుగా ఉన్న దారి వచ్చేదాకా ఆగాలి. మొదటి ల్యాపులు మెల్లగా నడపాలి. టైర్లు వేడెక్కకపోతే పట్టు దొరకదు.

జెండాల భాష

పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని అర్థం. వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు కనిపిస్తే సెషన్ ఆగిపోయినట్టే. గట్టిగా బ్రేక్ కొట్టకుండా మెల్లగా పిట్‌లోకి రావాలి. నలుపు చూపిస్తే పిట్‌కు రమ్మని పిలుపు. నలుపు తెలుపు గళ్ల జెండా సెషన్ ముగింపు. పొద్దున బ్రీఫింగ్‌లో ఇవన్నీ చెబుతారు. దాన్ని ఎగ్గొట్టినవాడు ట్రాక్ ఎక్కకపోవడమే మేలు.

ఒంటి మీద, బైక్ మీద

ఫుల్ ఫేస్ హెల్మెట్, లెదర్ సూట్, మణికట్టు దాటే గ్లోవ్స్, చీలమండ కప్పే బూట్లు, వీపుకు ప్రొటెక్టర్ తప్పనిసరి అనుకోవాలి. జీన్స్ ప్యాంటు తారు మీద క్షణాల్లో చిరిగిపోతుంది. బైక్‌కు బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, చైన్ చూపించుకోవాలి. ఆయిల్ చుక్క కారినా వెనుక వచ్చేవాళ్లు జారిపడతారు.

పడిపోతే బైక్‌ను పట్టుకుని వేలాడొద్దు, వదిలేయాలి. జారడం పూర్తిగా ఆగేదాకా లేవొద్దు. ఆ తర్వాత వచ్చే బైకులను చూసుకుని ట్రాక్ బయటికి పోవాలి. బైక్ దగ్గరికి పరుగెత్తొద్దు. దాని సంగతి మార్షల్స్ చూసుకుంటారు.

అలసిన ఒళ్లు మాట వినదు

ఒక్కో సెషన్ సాధారణంగా 15 నుంచి 20 నిమిషాలే. అయినా చెన్నై ఎండలో లెదర్ వేసుకుంటే ఒంట్లో నీరు త్వరగా పోతుంది. రోజాతో ట్రాక్ ఎక్కడం మంచిది కాదు. రంజాన్ అయ్యాక వెళ్లొచ్చు, ట్రాక్ ఎక్కడికీ పోదు. హైదరాబాద్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ వెళ్లి పొద్దున్నే ట్రాక్ ఎక్కడం కూడా అంతే ప్రమాదం. అలసట అనిపిస్తే చివరి సెషన్ వదిలేయాలి. కట్టిన ఫీజు కోసం ప్రాణం పెట్టొద్దు.

ఇంట్లోవాళ్లు అడగాల్సినవి

అంబులెన్స్, డాక్టర్ ఉంటారా? వెంట ఎవరు వెళ్తున్నారు? బ్లడ్ గ్రూప్, ఇంటి నంబర్ నిర్వాహకులకు ఇచ్చాడా? సంతకం పెట్టే కాగితంలో ఏముందో చదివాడా? మామూలు బైక్ ఇన్సూరెన్స్ రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదు. ట్రాక్ డే సంగతి కంపెనీని ముందే అడగాలి.

ఇక రోడ్డు రేసుల విషయంలో చట్టం స్పష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

ట్రాక్ నుంచి ఇంటికొచ్చిన కొడుకు మరుసటి రోజు గల్లీలో నెమ్మదిగా నడిపితే అతను నిజంగా నేర్చుకున్నట్టు. అక్కడి వేగాన్ని మెహదీపట్నం రోడ్డు మీదికి తెస్తే మాత్రం తాళం చెవి తీసుకోవాల్సిందే. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. తవక్కుల్ అంటే జాగ్రత్త వదిలేయడం కాదు, జాగ్రత్తలన్నీ తీసుకున్నాక అల్లాహ్‌పై భరోసా పెట్టడం.