నేల లేని ప్రభుత్వం

పన్ను వసూలు చేసుకోడానికి జనం లేరు. పిలిస్తే పలకడానికి ఒక్క బంట్రోతైనా లేడు. నిలబడడానికి సొంత నేల లేదు. అయినా “మేమే మా దేశానికి ప్రభుత్వం” అన్నారు కొందరు. ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, నలభై ఎనిమిదేళ్ళు అన్నారు. వినడానికి పిల్లల బొమ్మలపెళ్ళిలా ఉంది కదూ? కాని దాని వెనక ఒక దేశం బతుకు ఉంది. ఆ దేశం ఎస్తోనియా. ఆ భారాన్ని ఎక్కువకాలం మోసినవారిలో ఒకరు ఆగస్టు రెయ్.

ఎస్తోనియా బాల్టిక్ సముద్రం ఒడ్డున, రష్యాకు ఆనుకుని ఉన్న చిన్న దేశం. అప్పటి జనాభా పదకొండు లక్షలు. జారు చక్రవర్తుల పాలన పోయాక 1918లో స్వతంత్రం ప్రకటించుకుంది. 1886లో పుట్టిన రెయ్ న్యాయశాస్త్రం చదివారు, సోషలిస్టు. 1919లో రాజ్యాంగ సభకు అధ్యక్షులయ్యారు. పెద్ద ఎస్టేటుల భూములు తీసుకుని రైతులకు పంచిన చట్టం ఆ సభ చేసిందే. 1928లో ఆయన దేశాధినేత అయ్యారు. ఆ తరవాత రాయబారిగా వెళ్ళింది ఎక్కడికనుకున్నారు? మాస్కోకి!

ఆయన అక్కడ ఉండగానే, 1939లో హిట్లరూ స్టాలినూ రహస్యంగా పంపకాలు చేసుకున్నారు. ఎస్తోనియా స్టాలిన్ వాటాకి వెళ్ళింది. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. అధ్యక్షుడు పాట్స్‌ని రష్యా తీసుకుపోయారు. ఆయన 1956లో అక్కడే కన్నుమూశారు. రెయ్ మాత్రం ఎలాగో తప్పించుకుని స్వీడన్ చేరుకున్నారు.

1941 నుంచి జర్మనుల పెత్తనం. 1944 సెప్టెంబరులో వాళ్ళు వెళ్ళిపోతున్నారు, సోవియట్ సైన్యం మళ్ళీ వస్తోంది. మధ్యలో దొరికింది నాలుగు రోజులే. ప్రధానిగా ఉండిన ఉలూట్స్ సెప్టెంబరు 18న కొత్త మంత్రివర్గాన్ని నియమించారు. స్వీడన్‌లో ఉన్న రెయ్‌ని విదేశాంగమంత్రిని చేశారు. టాలిన్ కోట బురుజు మీద నీలం, నలుపు, తెలుపు జెండా ఎగిరింది. 22న ఊరు పడిపోయింది. మంత్రులు చాలామంది దొరికిపోయారు. ఉలూట్స్ స్వీడన్ చేరి, 1945 జనవరిలో జబ్బుతో పోయారు. అధ్యక్షుడు పని చేయలేనప్పుడు ప్రధాని ఆ విధులు చూడాలని వారి రాజ్యాంగం. ఆ ప్రధాని కూడా పోయేసరికి, మంత్రులలో పెద్దవారు కనుక బాధ్యత రెయ్ మీద పడింది.

ఇంట్లోంచి మనల్ని గెంటేసినా దస్తావేజు మన పెట్టెలో ఉందనుకోండి. అది ఉన్నంతకాలం గెంటినవాడు ఆక్రమణదారే గాని ఇంటి యజమాని కాడు. ఆయన కాపాడింది అలాంటి దస్తావేజునే.

అయితే తలదాచుకున్న చోట కూడా చిక్కే. స్వీడన్ ప్రభుత్వం సోవియట్ ఆక్రమణను ఒప్పుకుంది. 1946లో దాదాపు 150 మంది బాల్టిక్ సైనికులను మాస్కోకి అప్పగించింది కూడా. అక్కడున్న ఇరవై వేల పైచిలుకు ఎస్తోనియన్ శరణార్థులు ఎంత బెదిరిపోయి ఉంటారో ఆలోచించండి. అందుకే రెయ్ తన ప్రభుత్వాన్ని అక్కడ కాక, 1953 జనవరి 12న నార్వేలోని ఓస్లోలో ప్రకటించారు. ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. ఆక్రమణను ఒప్పుకోని అమెరికా సైతం న్యూయార్కులోని పాత కాన్సలేటును ఉండనిచ్చిందే గాని, ఈ ప్రభుత్వాన్ని గుర్తించలేదు. ఇది చాలనట్టు, ప్రధాని పదవి తమదేనంటూ జర్మనీలో ఇంకో వర్గం బయల్దేరింది. పరాయి పంచన ఉన్నా పంతాలు పోతాయా!

రెయ్ 1963లో స్టాక్‌హోమ్‌లో పోయారు. దస్తావేజు చేతులు మారుతూ వచ్చింది. ముందు వార్మా (పేరు విని మన వర్మగారనుకోకండి), తరవాత కింట్, ఆపైన మార్క్. 1991లో ఎస్తోనియాకు మళ్ళీ స్వతంత్రం వచ్చింది. 1992 అక్టోబరు 8న మార్క్ టాలిన్ వచ్చి, కొత్త అధ్యక్షుడు లెన్నార్ట్ మేరికి తన అధికారాన్ని అప్పగించారు.

అది ఉత్త లాంఛనం కాదండీ. పాత దేశమే కొనసాగుతోందన్న లెక్కతో, 1940 నాటి పౌరులూ వారి సంతానమూ నేరుగా పౌరులయ్యారు. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్లు మాత్రం ఎస్తోనియన్ భాషలో పరీక్ష ఇచ్చి పౌరసత్వం అడగవలసి వచ్చింది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళకి అది కష్టంగానే తోచింది. ఆ బాధనూ కాదనలేం.

రెయ్ దంపతుల అవశేషాలను 2006లో స్వీడన్ నుంచి తెచ్చి టాలిన్ అటవీ శ్మశానంలో ఖననం చేశారు.