మామిడి కత్తిరింపు కొమ్మలతో క్రిస్మస్ చెట్టు అలంకరణలు: పుచ్చు పట్టకుండా, అనుమానపు రంగులు లేకుండా

పై వీడియోలో మేము చేసిన నక్షత్రాలు, గంటలు, వరి కంకులు చూశారు కదా. అవన్నీ మామిడి తోటలో కత్తిరించి పడేసిన కొమ్మలవే. వీడియోలో పని చకచకా అయిపోయినట్టు ఉంటుంది గానీ, అసలు పని అంతా అంతకు ముందు నెలల్లోనే ఉంది.

ముందు నా తప్పు చెబుతాను. మొదటి ఏడాది డిసెంబర్‌లో పచ్చి కొమ్మల్ని గుండ్రంగా బిళ్ళలు కోసి, విడిగా దొరికిన ఎనామిల్ రంగు వేసి అరవై అమ్మాం. పండగ నాటికే చాలా వాటికి పగుళ్ళు. ఎండాకాలం మొదట్లో మా దగ్గర బియ్యం కొనే ఒకావిడ ఫోన్ చేశారు. "బాబూ, నక్షత్రం నుంచి పిండిలా పొడి రాలుతోంది. మా మనవడు దాన్ని నోట్లో పెట్టుకుంటున్నాడు, ఆ రంగులో ఏముంది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. పొలంలో మందు కొట్టనని నమ్మే ఆవిడ బియ్యం కొంటున్నారు. అదే చేత్తో ఏముందో తెలియని రంగు అమ్మాను. డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదే ఇది.

ఏ చెక్క వాడాలి?

మామిడి కాపు అయ్యాక జూన్, జూలైలో చేసే కత్తిరింపు కొమ్మలు సరిపోతాయి. అప్పుడు దాచితే డిసెంబర్‌కి ఆరతాయి. కాండం తొలుచు పురుగు పట్టిన కొమ్మలు వద్దు. పచ్చి మామిడి సొన చర్మానికి పడదు, చేతులకి తొడుగులు వేసుకోండి.

పాత ప్యాలెట్ చెక్క వాడేవాళ్ళు దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించింది, అది వద్దు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ కూడా వద్దు.

పగుళ్ళు ఎందుకు వస్తాయి?

చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. కేంద్రం నుంచి బయటికి ఉన్న దిశలో కంటే, చుట్టుకొలత వెంట సుమారు రెట్టింపు కుంచించుకుపోతుంది. అందుకే గుండ్రటి బిళ్ళ అంచు నుంచి మధ్యకి చీలుతుంది. కొమ్మని నిలువునా చీల్చి, పలకలు తీసి ఆకారం కోస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

చీల్చిన ముక్కల కొసలకి పేడ, బంకమట్టి కలిపి పూయండి. కొసల నుంచి తేమ త్వరగా పోకుండా ఆపుతుంది. గాలి ఆడే నీడలో, నేలకి తగలకుండా పేర్చండి. రెండు ముక్కలు గుర్తుపెట్టుకుని వారానికోసారి తూయండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

పుచ్చు సంగతి

పుచ్చు పురుగుకి కావలసింది చెక్కలోని పిండిపదార్థం. వెదురుని చెరువులో నానవేసే పెద్దల పద్ధతి కూడా దాన్ని తగ్గించడానికే. మేము 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో ఆకారాలు కోసి, అరగంట మరిగే నీళ్ళలో ఉడికించి, మళ్ళీ నీడలో ఆరబెడుతున్నాం. లోపల ఉన్న పురుగు చస్తుంది. కొత్తగా గుడ్లు పెట్టకుండా పైన పూత తప్పనిసరి.

అతుకు, రంగు

ఇక్కడ మనకి గురువులు పక్కనే ఉన్నారు. విజయవాడకి ఇటు మా గన్నవరం, అటు కొండపల్లి. అక్కడి కళాకారులు తెల్లపొణికి చెక్కని వేడిచేసి తేమ తీసి, భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మేమూ అదే చేస్తున్నాం: చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, జిగురు వచ్చేదాకా ఉడికించాలి. తడి తగిలితే ఈ జిగురు బూజు పడుతుంది, కాబట్టి పొడిగా దాచాలి.

తెలుపుకి సుద్ద, ఎరుపుకి జేగురు, నీలానికి నీలిమందు, ఇవి చింతజిగురుతో కలిపి వేస్తున్నాం. పసుపు బాగుంటుంది గానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. రంగు వేయని వాటికి అవిసె నూనె పూస్తాం. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, పరిచి ఆరబెట్టండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రకి లక్కతో సహజ రంగులు ఎక్కిస్తారు, ఆ పనికి అక్కడి సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. దానికి తరిమెన కావాలి.

ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబర్ నుంచి నిబంధన ఉంది. కానీ లేబుల్ లేని విడి రంగులో ఎంతుందో కంటితో చెప్పలేం.

పొట్టు ఎక్కడికి?

నా పరీక్ష ఇదొక్కటే: మిగిలిన పొట్టు తిరిగి నా చేలోకి వెళ్ళగలగాలి. మామిడి పొట్టుని పలచగా ఆచ్ఛాదనగా పైన చల్లుతాం. మట్టిలో కలిపితే కుళ్ళేటప్పుడు నత్రజనిని లాగేసుకుని మొక్క పాలిపోతుంది. ఎనామిల్ రుద్దిన పొట్టయితే చేలో వేయగలమా? వేయలేనిది పిల్లాడి చేతికి ఇవ్వకూడదు కూడా.

అమ్మేటప్పుడు

వీటిని కొండపల్లి బొమ్మలు అనకండి. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఆ ఊరి కళాకారుల హక్కు. ఆటవస్తువులు అని కూడా అమ్మొద్దు, వాటికి 2021 జనవరి నుంచి బీఐఎస్ మార్కు కావాలి. నమోదైన హస్తకళాకారులకి మాత్రం మినహాయింపు ఉంది. ఏ చెక్క, ఏ రంగు అన్నది చీటీ రాసి నూలు దారానికి కట్టండి.

పోయిన క్రిస్మస్‌కి ఆవిడకి కొత్త నక్షత్రాలు పంపాను, చీటీతో సహా. సరుగుడు కొమ్మకి కట్టారట. మార్చి దాటినా పొడి రాలలేదని చెప్పారు. ఈసారి కొమ్మలు కత్తిరించినప్పుడు నిప్పు పెట్టే ముందు ఓ పది కర్రలు పక్కన పెట్టి చూడండి.