డాక్టరు ఫీజు ఎప్పుడు కట్టాలి? ఎప్పుడు అక్కరలేదు?

"సిస్టరుగారూ, ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారా, పి.హెచ్.సి.లో చూపించుకుంటే సరిపోతుందా?" ఓ.పి. చీటీలు రాసే చోట మేము తరచుగా వినే ప్రశ్న ఇది. రోజు కూలి మీద బతికే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. మా ఆసుపత్రిలోనూ ఓ.పి. ఫీజు ఉంది. అయినా ఏది అవసరమో, ఏది కాదో ఉన్నది ఉన్నట్లు చెప్పడం మా ధర్మం.

ప్రాణాపాయంలో ఫీజు లెక్క వద్దు

గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేక కాలు పడిపోవడం, మాట తడబడడం, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం - వీటిలో ఏది కనిపించినా ఏ క్లినిక్కుకు వెళ్ళాలా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. చిన్న క్లినిక్కు ముందు క్యూలో కూర్చుంటే ఆ సమయం కాస్తా దాటిపోతుంది.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

డాక్టరు ఫీజు 300 రూపాయలు అనుకుందాం. ఆటోకు 100, పోయిన కూలి 500, పరీక్షలకు 700, మందులకు 400. మొత్తం 2,000 రూపాయలు. అందులో ఫీజు చిన్న భాగమే. కాబట్టి బయలుదేరే ముందు "ఫీజు ఎంత?" అని మాత్రమే కాక "మొత్తం ఎంత అవుతుంది?" అని ఆలోచించండి. ఉచిత వైద్యానికి కూడా దారి ఖర్చు, ఒకరోజు కూలి పోతాయి. అందుకని డాక్టరుగారు ఏ వేళల్లో ఉంటారో, మీ మందు ఉన్నదో లేదో ఆశా కార్యకర్తను అడిగి వెళ్ళండి.

ఊళ్ళో సూది వేసే ఆయనకు ఇచ్చే డబ్బు కూడా ఫీజే అని మరచిపోవద్దు. జలుబుకు, ఒంటి నొప్పులకు సెలైన్, యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు అక్కరలేదు. మూడుసార్లు ఆయనకిచ్చిన డబ్బుతో ఒకసారి చదువుకున్న డాక్టరుకు చూపించుకోవచ్చు.

ఫీజు కట్టకుండానే దొరికేవి

- రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. టి.బి. అని తేలితే మందులూ ఉచితమే. పోషణ కోసం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు.
- పిల్లల టీకాలు. జాతీయ కార్యక్రమంలోని టీకా పి.హెచ్.సి.లో వేసినా, డబ్బు కట్టి వేయించినా పనిచేసేది ఒకేలా.
- గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు పరీక్ష. ఇది 2016లో మొదలైంది.
- కుక్క కరిస్తే వేసే టీకా. ముందుగా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి.
- ముప్పై ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరు పరీక్షలు. అదుపులో ఉన్నవారికి మామూలు మాత్రలు.

ఫీజు కట్టడం మేలయ్యేది ఎప్పుడు?

మూడు సందర్భాల్లో ఆ డబ్బు వృథా కాదని మా అనుభవం. ఒకటి, పి.హెచ్.సి.లో డాక్టరు అందుబాటులో లేక, మూడు రోజులకు పైగా జ్వరం తగ్గనప్పుడు. రెండు, మందులు సరిగా వాడుతున్నా షుగరు, బి.పి. అదుపులోకి రానప్పుడు. మూడు, ఒకే ఇబ్బంది మళ్ళీ మళ్ళీ వస్తూ, నిదానంగా కూర్చుని మీ మాట వినే డాక్టరు కావలసినప్పుడు.

కానీ ఒక షరతు ఉంది. ఆ డాక్టరు మీ కుటుంబాన్ని ఎరిగినవారై ఉండాలి. మీ అమ్మగారికి షుగరు ఉందని, మీకు ఫలానా మందు పడదని తెలిసిన డాక్టరుకు ప్రతిసారీ అన్ని పరీక్షలు మొదటి నుంచి చేయించనక్కరలేదు. అది ప్రైవేటు డాక్టరు కావచ్చు, పి.హెచ్.సి. డాక్టరు కావచ్చు. ఎవరైనా సరే, ఒకరినే పట్టుకుని ఉండండి.

డాక్టర్లను మారుస్తూ పోతే ఏమవుతుందో మా వార్డులో చూశాము. షుగరు ఉన్న ఒక పెద్దావిడను తెల్లవారుజామున స్పృహ లేకుండా తీసుకువచ్చారు. ఆమె కొద్ది నెలల్లో ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నారు. పాత చీటీ ఎవరికీ చూపలేదు. సంచిలో రెండు అట్టల మాత్రలు ఉన్నాయి. పైన కంపెనీ పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. రెండూ వేసుకోవడంతో షుగరు బాగా పడిపోయింది. సమయానికి గ్లూకోజ్ ఎక్కించబట్టి కోలుకున్నారు. ఆమె ఎక్కడా డబ్బుకు వెనుకాడలేదు. మూడుచోట్లా ఫీజు కట్టారు.

కట్టిన ఫీజుకు పూర్తి ఫలితం పొందండి

1. పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి.
2. అడగవలసిన మూడు విషయాలు ముందే కాగితం మీద రాసుకోండి.
3. "ఈ పరీక్ష ఎందుకండీ? ఇప్పుడే చేయించాలా?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు.
4. అదే మందు జెనరిక్‌లో రాయమనండి. జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతాయి.
5. మళ్ళీ ఎప్పుడు రావాలో, ఎన్ని రోజుల లోపు వస్తే ఫీజు ఉండదో కనుక్కోండి. చాలాచోట్ల వారం, పది రోజుల వరకు తిరిగి తీసుకోరు.

డబ్బు లేదని చెప్పడానికి సిగ్గుపడి మందు మధ్యలో మానేసేవారు ఉన్నారు. అలా మానేసిన బి.పి. మాత్ర తరువాత పక్షవాతంగా మారవచ్చు. అప్పుడయ్యే ఖర్చు ముందు ఏ ఫీజూ లెక్కలోకి రాదు. మీ స్తోమత ఎంతో డాక్టరుకు గాని, మాలో ఒకరికి గాని ముందే చెప్పండి. మీరు నెలనెలా కొనగలిగిన మందు ఏదో చూసి రాయడానికి వీలవుతుంది.