చుట్టాల ఊళ్ల మీదుగా పౌరహక్కుల బాట

అమెరికాలోని నల్లజాతి కుటుంబాలు వేసవిలో కార్లు వేసుకుని దక్షిణాదికి వెళ్లడం తరాలుగా వస్తున్న ఆనవాయితీ. 1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లవారు అక్కడి ఊళ్లు విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు వలసపోయారు. మిసిసిపి వాళ్లకు షికాగో పెద్ద దిక్కయింది. తాతలు, మేనత్తలు సొంతూళ్లలోనే ఉండిపోయారు. వాళ్లను చూడటానికి వెళ్లే దారుల్లోనే పౌరహక్కుల ఉద్యమ స్థలాలూ ఉన్నాయి. 2018లో మొదలైన ‘యూఎస్ సివిల్ రైట్స్ ట్రైల్’ అలాంటి వందకు పైగా చోట్లను ఒక వరుసలోకి తెచ్చింది.

బస దొరకని రోజులు

ఒకప్పుడు ఆ ప్రయాణమే ఒక గండం. హోటళ్లు గది ఇచ్చేవి కావు. పెట్రోలు పోసేవాళ్లు మరుగుదొడ్డి వాడుకోనిచ్చేవారు కాదు. అందుకే వేయించిన కోడి, ఉడకబెట్టిన గుడ్లు చెప్పుల అట్టపెట్టెల్లో సర్దుకుని బయల్దేరేవారు. హార్లెమ్ వాసి, పోస్ట్‌మన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి వెలువరించిన ‘గ్రీన్ బుక్’ నల్లవారిని రానిచ్చే బసల చిరునామాలు ఇచ్చేది. అవీ లేని చోట చుట్టాలిల్లే సత్రం.

మెంఫిస్ నుంచి జాక్సన్

షికాగో నుంచి దిగివచ్చే దారిలో మొదటి మజిలీ మెంఫిస్. అక్కడి లొరైన్ మోటెల్ పేరు గ్రీన్ బుక్‌లో ఉండేది. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న 306వ గది ముందు బాల్కనీలో కాల్చిచంపారు. 1991లో అది జాతీయ పౌరహక్కుల మ్యూజియమైంది.

మిసిసిపిలోని మనీ అనే ఊరికి 1955 ఆగస్టులో షికాగో నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాడే 14 ఏళ్ల ఎమెట్ టిల్. ఒక తెల్లజాతి మహిళతో తప్పుగా ప్రవర్తించాడంటూ తాత వరసయ్యే మోజ్ రైట్ ఇంట్లోంచి ఎత్తుకెళ్లి చంపారు. సమ్నర్ కోర్టులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిందితులిద్దరినీ వదిలేసింది. ఆ కోర్టు 2023లో జాతీయ స్మారకంలో భాగమైంది. అక్కడి ఒక నది ఒడ్డున టిల్ పేరిట పెట్టిన స్మారక ఫలకాన్ని దుండగులు పదేపదే కాల్చడంతో 2019లో తూటా దూరని ఫలకం పెట్టారు.

జాక్సన్‌లో ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఇంటికి వీధి గుమ్మం లేదు. కారు నిలిపే పందిరి వైపు నుంచే లోపలికి వెళ్లాలి. తూటాలకు అందకుండా పిల్లల పరుపులు నేలమీదే పరిచేవారు. 1963 జూన్ 12న కారు దిగిన ఎవర్స్‌ను ఆ ముంగిట్లోనే కాల్చారు.

సెల్మా, మాంట్‌గోమరీ

సెల్మాలోని ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గర 1965 మార్చి 7న ఓటుహక్కు కోరుతూ నడిచిన దాదాపు 600 మందిపై పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. అదే నెల 21న మళ్లీ బయల్దేరినవాళ్లు 87 కిలోమీటర్లు నడిచి 25న మాంట్‌గోమరీ చేరారు. తొలి మూడు రాత్రులు నల్ల రైతుల పొలాల్లో గుడారాలు వేసుకున్నారు. ఓటుహక్కు చట్టం ఆగస్టు 6న వచ్చింది. ఆ దూరం ఇప్పుడు కారులో గంట.

1955లో బస్సులో తెల్లవారికి సీటు వదలనన్న రోజా పార్క్స్ అరెస్టుతో 381 రోజుల బస్సు బహిష్కరణ సాగిన ఊరు మాంట్‌గోమరీ. మూకహత్యల మృతుల కోసం 2018లో అక్కడ వెలసిన స్మారకంలో 800కు పైగా ఉక్కు దిమ్మెలున్నాయి. కౌంటీకి ఒకటి చొప్పున, వాటిమీద మృతుల పేర్లు చెక్కారు. మొదట కంటికి ఎదురుగా ఉండే దిమ్మెలు, నేల పల్లమయ్యేకొద్దీ తలపైన వేలాడుతూ కనిపిస్తాయి. వలసపోయిన కుటుంబాలవారు ఇక్కడ తమ పూర్వీకుల కౌంటీ దిమ్మెను వెతుక్కోవచ్చు.

బర్మింగ్‌హామ్

1963 మేలో బర్మింగ్‌హామ్ వీధుల్లో పిల్లల ఊరేగింపుపై కుక్కలను, నీటి గొట్టాలను ప్రయోగించారు. సెప్టెంబరు 15న పదహారో వీధి చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ఆ ఏడాది ఉద్యమానికి కింగ్ వ్యూహరచన చేసింది నల్లజాతి వ్యాపారి ఏజీ గాస్టన్ మోటెల్‌లోని 30వ గదిలో. 1964 జులై 2న వచ్చిన పౌరహక్కుల చట్టంతో హోటళ్లన్నీ నల్లవారికి గదులు ఇవ్వక తప్పలేదు. దాంతో వారి సొంత మోటెళ్లకు గిరాకీ తగ్గింది. గాస్టన్ మోటెల్ 2017లో జాతీయ స్మారకంలో భాగమైంది.